సర్వర్ నన్ను కాదన్న మూడు రోజులు

2025 మార్చి 6, గురువారం. పన్నెండు కావస్తోంది. సోమవారం 10వ తేదీన డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు ప్రాక్టికల్స్. 64 మందికీ ల్యాబ్ సర్వర్‌లో పరీక్ష అకౌంట్లు తెరవాలి. నాకు అలవాటైన పనే. టెర్మినల్ తెరిచి, ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) పెట్టి కమాండ్ కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చాను. జవాబుగా ఒక్క లైను వచ్చింది. నా యూజర్ పేరు సుడోయర్స్ ఫైల్లో, అంటే సుడో వాడే హక్కున్నవాళ్ళ జాబితాలో, లేదట. ఈ సంగతి రిపోర్ట్ అవుతుందట.

ఆ సర్వర్‌లో ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం ఓఎస్) ఎక్కించింది నేను. మొదటి అకౌంట్ నాది. రెండున్నరేళ్ళుగా దానికి అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. సొంత ఇంటి తాళం తీయబోతే లోపలి నుంచి ఎవరో "ఎవరు మీరు?" అని అడిగినట్టు అనిపించింది. రిపోర్ట్ అన్న మాట చూసి ఇంకా భయం వేసింది. ఎవరికి వెళ్తుంది? యూనివర్సిటీకా? ప్రిన్సిపాల్ గారికా? తర్వాత తెలిసింది, ఎక్కడికీ వెళ్ళదు. సర్వర్‌లో జరిగినవి నమోదయ్యే లాగ్ ఫైల్లో ఒక లైను పడుతుంది, మెయిల్ ఏర్పాటు ఉంటే రూట్ (అన్ని హక్కులూ ఉన్న అకౌంట్) పేరు మీద ఒక ఉత్తరం పడుతుంది. మా సర్వర్‌లో మెయిల్ ఏర్పాటే లేదు. కానీ ఆ మధ్యాహ్నం నాకు ఆ సంగతి తెలియదు.

మాలాంటి చిన్న కాలేజీల్లో ల్యాబ్ చూసుకునేవాళ్ళు చాలామంది ఒంటరిగానే ఈ పని చేస్తుంటారు. అడగడానికి పక్కన మనిషి ఉండడు. అందుకే ఏ రోజు ఏమైందో వరసగా రాస్తున్నాను.

మొదట పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమో అనుకున్నాను. ఇంకో రెండుసార్లు, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. మళ్ళీ అదే లైను. ఇక్కడే నేను గమనించాల్సింది ఒకటుంది. పాస్‌వర్డ్ తప్పైతే సుడో "సారీ, మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. నాకు ఆ మాట రాలేదు. అంటే పాస్‌వర్డ్ సరైనదే, నేనెవరో దానికి తెలుసు, కానీ నాకు అధికారం లేదంటోంది. ఈ రెంటికీ తేడా పట్టుకోడానికి నాకు శుక్రవారం రాత్రి దాకా పట్టింది.

తర్వాత సు (వేరే అకౌంట్‌లోకి మారే కమాండ్) కొట్టి నేరుగా రూట్‌లోకి వెళ్దామని చూశాను. పాస్‌వర్డ్ అడిగింది. నాది ఇచ్చాను, కుదరలేదు. ఇన్‌స్టాల్ చేసిన రోజుల్లో వాడిన పాత పాస్‌వర్డ్ ఇచ్చాను, అదీ కుదరలేదు. ఉబుంటులో రూట్‌కి అసలు పాస్‌వర్డే పెట్టరు, ఆ అకౌంట్ మూసే ఉంటుంది. లేని పాస్‌వర్డ్ కోసం దాదాపు గంట సేపు నా డైరీలన్నీ తిరగేశాను.

ఇంటర్నెట్‌లో వెతికితే "మిమ్మల్ని మీరు వీల్ గ్రూపులో చేర్చుకోండి" అని ఒకచోట దొరికింది. లైనక్స్‌లో ఏ గ్రూపులో ఉంటే ఆ గ్రూపు హక్కులు వస్తాయి. కానీ చేర్చుకోడానికే సుడో కావాలి. పైగా ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాళ్ళకి వీల్ గ్రూపు ఉంటుంది గానీ, ఉబుంటులో ఆ పని చేసే గ్రూపు పేరు సుడోనే. ఎవరి సిస్టమ్‌కి రాసిన సలహానో చూసుకోకపోతే గంటలు ఇలాగే పోతాయి. పోనీ లాగ్‌లో ఏముందో చూద్దామని ఆథ్ లాగ్ (లాగిన్‌లు, సుడో వాడకం నమోదయ్యే లాగ్) తెరవబోతే "పర్మిషన్ డినైడ్" అంది. నిన్నటి దాకా చదవగలిగిన ఫైలు అది. అప్పుడు నిజంగా చేతులు చల్లబడ్డాయి. ఎవరో కావాలని నన్ను బయటికి తోసి, జాడ కూడా దొరక్కుండా తలుపు వేశారనిపించింది.

ఇక్కడ ఒక తప్పు చేశాను. దాచకుండా చెప్తాను.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఫైనలియర్ అబ్బాయి ఒకడు రికార్డు ప్రింట్ తీసుకుంటానని నా సీట్లో కూర్చున్నాడు. తెలివైనవాడు, లైనక్స్ అంటే ప్రాణం పెడతాడు. బుధవారం పొద్దున కూడా నాకు సుడో పనిచేసింది, నలుగురు పిల్లల పాస్‌వర్డ్‌లు మార్చి ఇచ్చాను. గురువారం పనిచేయట్లేదు. మధ్యలో నా సిస్టమ్ ముట్టుకున్నది అతనొక్కడే. లెక్క సరిపోయిందనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి పిలిపించి అడిగాను. నేను మెత్తగానే అడిగాననుకున్నాను, కానీ పక్కనున్న అటెండర్ గారు తర్వాత చెప్పారు, మెత్తగా లేదని. అతను "నేను ప్రింట్ ఒక్కటే తీసుకున్నాను మేడమ్" అని, ఇంకేం మాట్లాడకుండా నిలబడ్డాడు. "సరే వెళ్ళు" అన్నాను. నమ్మినట్టు అనలేదు.

శుక్రవారం 7న పొద్దున్నే బజారులో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. ఆయన విని, "ఫార్మాట్ చేసి కొత్తగా ఓఎస్ వేద్దాం మేడమ్, వేరే దారి లేదు" అన్నారు. ఫార్మాట్‌కి 800, లోపలున్న డేటా తీసిపెట్టడానికి 2,500. శనివారం సాయంత్రం ఇస్తే సోమవారం మధ్యాహ్నానికి ఇస్తామన్నారు. పరీక్ష సోమవారం పొద్దున. పైగా రెండున్నరేళ్ళ పిల్లల ప్రోగ్రాములు, ప్రాజెక్టులు, డేటాబేస్‌లు అన్నీ దాంట్లోనే. ఆలోచించి చెప్తానని వచ్చేశాను. హెచ్‌వోడీ సార్‌కి చెప్తే, "పోనీ పరీక్ష ఎవరి సిస్టమ్‌లో వాళ్ళే రాసేట్టు చూడమ్మా" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

రాత్రి తొమ్మిదిన్నరకి, ఇక సిగ్గుపడి లాభం లేదని, మా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. కథంతా చెప్పబోతుంటే ఆపి, "మేడమ్, ఇవన్నీ తర్వాత. ముందు లాగిన్ అయి ఐడీ అని కొట్టి, ఏం వచ్చిందో చదవండి" అన్నాడు. ఇంటి నుంచే లాగిన్ అయి చదివాను. యూఐడీ 1000, నా పేరు. జీఐడీ 1000, నా పేరు. గ్రూపులు: నా పేరు, డాకర్.

"అంతేనా?"

"అంతే నాయనా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "డాకర్ ఎప్పుడు వేశారు మేడమ్?"

సోమవారం 3న. ఫైనలియర్ ప్రాజెక్టు బ్యాచ్ పిల్లలు ఆరుగురు అడిగితే వేశాను. డాకర్ అంటే ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్. ప్రతిసారీ సుడో కొట్టకుండా డాకర్ నడవాలంటే మనల్ని డాకర్ గ్రూపులో చేర్చుకోవాలి. యూజర్‌మాడ్ అనే కమాండ్‌తో చేర్చుకున్నాను.

"మైనస్ ఏజీ పెట్టారా, ఒక్క జీ పెట్టారా?"

గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు. అప్పుడు వివరంగా చెప్పాడు. యూజర్‌మాడ్‌కి మైనస్ పెద్ద జీ ఒక్కటే ఇస్తే, "ఇతని గ్రూపులు ఇవే, ఇంకేం లేవు" అని అర్థం. పాత గ్రూపులన్నీ చెరిపేసి కొత్తది మాత్రం ఉంచుతుంది. ముందు చిన్న ఏ తగిలిస్తే, "ఉన్నవాటికి ఇది కలుపు" అని అర్థం. ఆ ఒక్క అక్షరం లేకపోతే సుడో గ్రూపు పోతుంది. దాంతోపాటు లాగ్‌లు చదివే హక్కునిచ్చే ఏడీఎమ్ గ్రూపూ పోతుంది. ఆథ్ లాగ్ నాకెందుకు తెరుచుకోలేదో అప్పుడర్థమైంది. జాడ ఎవరూ చెరపలేదు.

"మరి మంగళవారం, బుధవారం సుడో ఎలా పనిచేసింది?" అన్నాను. నాకు ఆ ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకో అతనికి తెలియదు.

"మీరు టెర్మినల్ మూశారా మేడమ్?"

మూయలేదు. సోమవారం తెరిచిన కిటికీనే నా టేబుల్ మీద సిస్టమ్‌లో మూడు రోజులూ అలాగే ఉంది. లాగిన్ అయినప్పుడు ఏ గ్రూపులు ఉన్నాయో అవే ఆ కిటికీకి చివరిదాకా ఉంటాయట. తర్వాత గ్రూప్ ఫైల్లో ఏం మారినా ఆ పాత కిటికీకి తెలియదు, కొత్తగా లాగిన్ అయినప్పుడే తెలుస్తుంది. గురువారం పదకొండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పది పన్నెండు నిమిషాలకి చేతులెత్తేసింది. సర్వర్ ఆగి, మళ్ళీ లేచి, నేను కొత్తగా లాగిన్ అయ్యాను. సోమవారం చేసిన పని గురువారం బయటపడింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సర్వర్ గురించి సగం, ఆ అబ్బాయి గురించి సగం. ఇంకా రుజువు లేదు కదా అని ఒక మనసు వాదిస్తూనే ఉంది.

శనివారం 8న తొమ్మిదిన్నరకి కాలేజీలో ఉన్నాను. పాత విద్యార్థి చెప్పిన దారి రికవరీ మోడ్. మెషీన్ స్టార్ట్ అయ్యేటప్పుడు గ్రబ్ (ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాము) మెనూ తెరిచి, అక్కణ్ణుంచి రూట్ షెల్‌లోకి (రూట్‌గా కమాండ్లు కొట్టే తెరలోకి) వెళ్ళి, గ్రూపులు తిరిగి చేర్చాలి. "పది నిమిషాల పని మేడమ్" అన్నాడు. నాకు మూడు గంటల పైన పట్టింది. ఎక్కడ పట్టిందో చెప్తాను, ఎందుకంటే ఎక్కడ చదివినా ఈ ముక్కలు ఎవరూ రాయలేదు.

మొదటిది, మా సర్వర్‌కి మానిటర్ లేదు. ఎప్పుడూ నెట్‌వర్క్ మీదే వాడతాం. రికవరీ మోడ్ నెట్‌వర్క్ మీద రాదు, మెషీన్ ముందే కూర్చోవాలి. అటెండర్ గారు స్టోర్ నుంచి పాత మానిటర్ తెచ్చారు, దానికి వీజీఏ కేబుల్. సర్వర్‌కి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. కన్వర్టర్ కొనాలి. షాపు పదిన్నరకి తెరిచారు. కన్వర్టర్ 450, ఆటో రానూపోనూ 120. తిరిగొచ్చేసరికి పదకొండు.

రెండోది, మెనూ కనిపించదు. మెషీన్‌లో ఒక్క ఓఎస్సే ఉంటే ఉబుంటు గ్రబ్ మెనూని దాచేసి నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. "షిఫ్ట్ నొక్కి పట్టుకోండి" అని చాలాచోట్ల రాసి ఉంది. రెండుసార్లు పట్టుకున్నాను, రెండుసార్లూ లాగిన్ దాకా వెళ్ళిపోయింది. షిఫ్ట్ పాత బయోస్ మెషీన్లకట. మాది యూఈఎఫ్ఐ అనే కొత్త రకం, దానికి ఎస్కేప్ నొక్కాలి. మూడోసారి ఎస్కేప్ నొక్కాను. కన్వర్టర్ వల్లో ఏమో, మానిటర్ వెలగడానికే నాలుగైదు సెకన్లు పడుతోంది. అది వెలిగేలోగా మెనూ సమయం దాటిపోయింది. నాలుగోసారి, దాటనివ్వకూడదని ఎస్కేప్ టకటకా కొడుతూనే ఉన్నాను. ఈసారి మెనూ రాలేదు, నల్ల తెర మీద గ్రబ్ అనే మాట, పక్కన మెరిసే గీత వచ్చాయి. మెషీన్ పూర్తిగా చెడగొట్టేశాననుకున్నాను. పక్కన అటెండర్ గారు "ఏమైందమ్మా?" అంటున్నారు, నాకు గొంతు రావట్లేదు.

హైదరాబాద్ ఫోన్ చేస్తే ఎత్తలేదు, శనివారం కదా. ఇరవై నిమిషాలు ఆ నల్ల తెర ముందే కూర్చున్నాను. అతనే తిరిగి చేశాడు. "ఏం కాలేదు మేడమ్. ఎస్కేప్ ఒకటికి రెండుసార్లు నొక్కితే మెనూ దాటి లోపలికి వెళ్తుంది. నార్మల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి, వెంటనే ఎస్కేప్ ఒక్కటే ఒక్కసారి." అలాగే చేశాను. మెనూ వచ్చింది. ఊదా రంగు తెర మీద ఆ నాలుగు లైన్లు చూసి నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాంట్లో రికవరీ మోడ్ అని ఉన్న లైను, తర్వాత వచ్చే చిన్న మెనూలో రూట్. ఎంటర్ నొక్కగానే నేను రూట్‌ని. పాస్‌వర్డ్ అడగలేదు. ఆ క్షణంలో సంతోషంతో పాటు ఒక వణుకు కూడా వచ్చింది. మానిటర్, కీబోర్డ్ పట్టుకుని ఈ గదిలోకి వచ్చిన ఎవరికైనా ఈ మెషీన్ ఇలాగే లొంగుతుంది. మా డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ లేదు, గదికి తాళం సాయంత్రాలే వేస్తాం.

మూడోది, నన్ను ఎక్కువగా మోసం చేసింది. రూట్‌లో యూజర్‌మాడ్ కొట్టగానే "పాస్‌వర్డ్ ఫైల్‌ని లాక్ చేయలేకపోతున్నాను, కాసేపాగి ప్రయత్నించండి" అని వచ్చింది. కాసేపాగమంది కాబట్టి కాసేపు ఆగాను. ఐదు నిమిషాలాగి మళ్ళీ కొట్టాను. ఇంకో ఐదు నిమిషాలు. ఎన్ని గంటలాగినా అదే వస్తుంది. ఎందుకంటే రికవరీలో డిస్క్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తారు, దాని మీద రాయనివ్వరు. మౌంట్ కమాండ్‌కి రీమౌంట్, ఆర్‌డబ్ల్యూ అని ఇచ్చి రూట్ డిస్క్‌ని రాసుకునేలా తెరవాలి. ఇది కూడా ఫోన్‌లోనే చెప్పాడు. పాస్‌వర్డ్ మర్చిపోయి రికవరీలోకి వచ్చేవాళ్ళకి ఇదే చోట "ఆథెంటికేషన్ టోకెన్" అంటూ ఇంకో అర్థంకాని మాట వస్తుందట. జబ్బు అదే, మందూ అదే.

రీమౌంట్ చేశాక నేను గబగబా సుడో గ్రూపు చేర్చబోతుంటే ఆపాడు. "ఆగండి మేడమ్. ఏమేం పోయాయో ముందు చూద్దాం. ఈటీసీ ఫోల్డర్‌లో గ్రూప్ ఫైలు పక్కన, అదే పేరుకి చివర చిన్న గీతతో ఇంకో ఫైలు ఉంటుంది చూడండి." ఉంది. రెండున్నరేళ్ళలో దాన్ని నేనెప్పుడూ గమనించలేదు. గ్రూపులు మార్చిన ప్రతిసారీ, మార్చక ముందు ఎలా ఉందో దానిలో దాచిపెడతారట. ఒక్క మెట్టు వెనక్కే ఉంటుంది, మళ్ళీ మారిస్తే అదీ మారిపోతుంది. నేను తొందరపడి యూజర్‌మాడ్ నడిపి ఉంటే ఆ ఒక్క కాపీ పోయేది. డిస్క్ రాయనివ్వకపోవడమే నాకు మేలు చేసింది.

రెండు ఫైళ్ళలోనూ సుడో లైను వెతికాను. పాతదాంట్లో సుడో, ఎక్స్, 27, చివరి కోలన్ తర్వాత నా పేరు. కొత్తదాంట్లో సుడో, ఎక్స్, 27, చివరి కోలన్, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ కోలన్ పక్కన ఖాళీని చాలాసేపు చూశాను. రెండు రోజుల హడావుడి అంతా ఆ ఖాళీలోనే ఉంది. అలాగే ఏడీఎమ్, సీడీరామ్, డిప్, ప్లగ్‌డెవ్, ఎల్ఎక్స్‌డీ, ఈ ఐదింటి పక్కనా నా పేరు పోయింది. అన్నీ కాగితం మీద రాసుకున్నాను.

ఇక ఆథ్ లాగ్ చదవాలి. రూట్‌ని కాబట్టి ఇప్పుడు తెరుచుకుంది. మార్చి 3న నా యూజర్ పేరుతో సుడో నడిచింది, కమాండ్ యూజర్‌మాడ్, మైనస్ పెద్ద జీ, డాకర్. దాని కిందనే వరసగా, ఏడీఎమ్ గ్రూపు నుంచి తొలగింపు, సీడీరామ్ నుంచి తొలగింపు, సుడో నుంచి తొలగింపు. అంతా స్పష్టంగా ఉంది. సమయం ఉదయం 10 గంటల 42 నిమిషాలు.

ఉదయం 10:42కి నేను సెకండియర్ క్లాసులో ఉన్నాను. సోమవారం రెండో పీరియడ్, టైమ్‌టేబుల్ నాకు నోటికి వచ్చు. ల్యాబ్ తలుపు తెరిచే ఉంటుంది. అంటే నేను కాదు. మళ్ళీ ఆ అబ్బాయి మొహం కళ్ళముందుకొచ్చింది. రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంది, కానీ ఆ నిమిషం నాలో ఒక మూల, అమ్మయ్య, నేను కాదు అనుకుంది.

లాగ్ ఇంకొంచెం కిందికి జరిపాను. 6వ తేదీన నేను సుడో కొట్టి భంగపడిన లైన్లు ఉన్నాయి. ఉదయం 6:25 అని ఉంది. పొద్దున్న ఆరింటికి నేను ఇంట్లో పాలు కాస్తుంటాను. ఆ పని చేసింది మధ్యాహ్నం పన్నెండుకి ఐదు నిమిషాల ముందు, ఆ సమయం గోడ గడియారంలో చూసిన గుర్తుంది. అప్పుడు వెలిగింది. ఉబుంటు సర్వర్ ఎక్కించినప్పుడు టైమ్‌జోన్ మార్చకపోతే యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే ఉంటుంది. మన టైముకి ఐదున్నర గంటలు వెనక. పదీ నలభై రెండుకి ఐదున్నర కలిపితే సాయంత్రం నాలుగూ పన్నెండు. సోమవారం నాలుగూ పన్నెండుకి నా సీట్లో కూర్చుని డాకర్ వేస్తున్నది నేనే.

ఫోన్‌లో అవతల అతను "మేడమ్, ఉన్నారా?" అంటున్నాడు. ఉన్నానన్నాను.

చేర్చడం మాత్రం నిజంగానే రెండు నిమిషాల పని. యూజర్‌మాడ్, ఈసారి మైనస్ ఏ, పెద్ద జీ, తర్వాత ఆరు గ్రూపుల పేర్లు కామాలతో, చివర నా పేరు. కామా తర్వాత ఖాళీ వదిలితే ఒప్పుకోదు, మొదటిసారి వదిలి తిట్టించుకున్నాను. ఐడీకి నా పేరు ఇచ్చి చూస్తే అన్నీ వచ్చాయి, డాకర్‌తో సహా. రీబూట్ చేసి, మామూలుగా లాగిన్ అయి, సుడో హూయామై అని కొట్టాను. రూట్ అని నాలుగక్షరాలు వచ్చాయి. టైము పన్నెండూ యాభై. అటెండర్ గారు టీ తెచ్చారు.

64 అకౌంట్లు తెరవడం సాయంత్రం నాలుగున్నరకి అయిపోయింది. టైమ్‌జోన్ మార్చి కోల్‌కతా పెట్టాను. రెండో అడ్మిన్ అకౌంట్ ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డ్ కవర్లో పెట్టి సీలు వేసి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచాను. ఇకనుంచి గ్రూపులో చేర్చడానికి యాడ్‌యూజర్ వాడమన్నాడు పాత విద్యార్థి. ముందు మనిషి పేరు, తర్వాత గ్రూపు పేరు ఇస్తే చాలు, అది కలపడమే తప్ప తీసేయడం ఎరగదు. సుడోకి సంబంధించింది ఏది మార్చినా, ఇంకో కిటికీలో ముందే సుడోతో రూట్‌గా మారి ఉండి, మూడో కిటికీలో కొత్తగా లాగిన్ అయి పరీక్షించి, అప్పుడే ఆ రూట్ కిటికీ మూయమన్నాడు. వాళ్ళ ఆఫీసులో ఒకాయన పర్మిషన్ల గొడవ తీరుతుందని ఈటీసీ మొత్తానికీ 777, అంటే ఎవరైనా చదివి రాయగలిగే హక్కు, ఇచ్చేశాడట. సుడోయర్స్ ఫైల్లో అందరూ రాయగలిగితే దాన్ని సుడో నమ్మదు, పనిచేయనంటుంది. అక్కడ కూడా రికవరీయే దిక్కయింది.

ఆ రాత్రి ఎనిమిదింటికి అతని దగ్గర్నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. "మేడమ్, నిన్న రాత్రి నాకు తట్టలేదు. మీరు డాకర్ గ్రూపులో ఉన్నారు కదా. రికవరీ అవసరమే లేదు, డాకర్‌తోనే అయ్యేది." నాకు అర్థం కాలేదు, ఫోన్ చేశాను. డాకర్ కంటైనర్ లోపల మనం రూట్. ఆ కంటైనర్‌కి సర్వర్ డిస్క్ మొత్తాన్ని తగిలించమని అడిగితే తగిలిస్తుంది. అంటే సుడో లేకపోయినా, డాకర్ గ్రూపులో ఉన్న మనిషి సర్వర్‌లో ఏ ఫైలైనా మార్చగలడు. డాకర్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే ఆ గ్రూపు రూట్‌తో సమానమని హెచ్చరిక ఉంది. నేను చదవకుండా దాటేశాను.

నమ్మకం కుదరక ఆదివారం ప్రయత్నించి చూశాను. సుడో వాడకుండా, పిల్లలందరి పాస్‌వర్డ్‌లు గుప్తంగా ఉండే షాడో ఫైలు నా తెర మీద పరుచుకుంది. వెంటనే మూసేశాను. సోమవారం పరీక్ష కాగానే ప్రాజెక్టు బ్యాచ్ ఆరుగురినీ అదే గ్రూపులో చేర్చాలని నా నోట్‌బుక్‌లో రాసుకుని ఉంది. ఆ లైను కొట్టేశాను. వాళ్ళకి రూట్‌లెస్ పద్ధతిలో, ఎవరి అకౌంట్‌లో వాళ్ళకే నడిచే డాకర్ పెట్టాను. దానికి ఇంకో రెండు సాయంత్రాలు పట్టాయి, పట్టనీ అనుకున్నాను. నా అకౌంట్ కూడా డాకర్ గ్రూపులోంచి తీసేశాను. తీసేముందు కమాండ్ మూడుసార్లు చదువుకున్నాను.

సోమవారం 10న పరీక్ష తొమ్మిదింటికి. నేను ఎనిమిదికే వెళ్ళాను. ఆ అబ్బాయి కూడా ముందే వచ్చి ల్యాబ్ బయట మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. పరీక్షకి ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. ముందే చెప్పేశాను. "ఆ రోజు నిన్ను అడగకుండా ఉండాల్సింది. అది నేను చేసిన పొరపాటే. నువ్వు ముట్టుకోలేదు. సారీ."

తల వంచుకుని "పర్లేదు మేడమ్" అన్నాడు. కాసేపాగి, "మేడమ్, అది లాగ్‌లో ఎలా తెలిసింది? నేను చూడొచ్చా?" అన్నాడు.

లోపలికి తీసుకెళ్ళి నా కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఆథ్ లాగ్ తెరిచి మార్చి 3 దగ్గరికి జరిపాను. వేలు తెరకి ఆనిస్తూ ఒక్కో లైనూ చదివాడు. పెద్ద జీ దగ్గర ఆగి, "ఏ లేదు" అన్నాడు. తర్వాత టైము చూసి, వేళ్ళమీద ఐదున్నర కలుపుకుని, "నాలుగూ పన్నెండు" అన్నాడు. నేను చెప్పకముందే.